తేనెటీగ నేర్పిన చూపు

మన ఎలమంచిలికి దగ్గరలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క రంగులు అద్దే బొమ్మలను చూడనివారు మనలో అరుదు. ఆ బొమ్మలకు కళ్లు ఎంతో చక్కగా దిద్దుతారు. కాని ఆ కళ్లు చూడవు. యంత్రం సంగతీ అంతే. కెమేరా బిగించినంత మాత్రాన దానికి చూపు రాదు. ఎదురుగా ఉన్నది గోడా, గొయ్యా, పసిబిడ్డా అని తెలుసుకోవడమే చూపు. మరమనుషులను తయారుచేసే శాస్త్రజ్ఞులను ఎన్నో ఏళ్లు వేధించిన చిక్కు ఇదే.

ఈ కృషిలో ముందు నడిచినవారిలో మన తెలుగువారు ఒకరున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో ఏర్పడిన రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరు. కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి 1994లో ఆయనకు, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి ఇచ్చారు. కెమేరా కళ్లతో దారి చూసుకుని తనంతట తాను నడిచే నావ్‌ల్యాబ్ అనే వ్యాను 1986లో ఆ విశ్వవిద్యాలయంలోనే తయారైంది. అయితే ఆ కాస్త చూపు కోసం వ్యాను నిండా కంప్యూటర్లు పెట్టవలసి వచ్చింది.

ఇప్పుడు మీ పెరట్లో మునగ పూల మీద వాలే తేనెటీగను చూడండి. దాని మెదడు నువ్వుగింజంత. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, దాని మెదడులో ఉన్నవి సుమారు 10 లక్షలే. దాని ఒక్కొక్క కంటిలో వేలకొద్దీ చిన్న చిన్న కళ్లు గుత్తిగా ఉంటాయి. రెండు కళ్లూ మరీ దగ్గరగా ఉన్నందువల్ల మనలాగ రెండింటినీ కలిపి దూరాన్ని అంచనా కట్టడం దానికి కష్టం. అయినా కొమ్మల సందుల్లోంచి దూసుకుపోతుంది. గాలికి ఊగే పువ్వు మీద పొరపాటు లేకుండా వాలుతుంది. ఎలాగంటారు?

బెంగుళూరులో చదువుకుని ఆస్ట్రేలియాలో స్థిరపడిన మండ్యం శ్రీనివాసన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నకు జవాబు వెదికారు. ఎలమంచిలి నుండి అనకాపల్లికి రైలులో వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూస్తే, పట్టాల పక్క స్తంభాలు గబగబా వెనక్కి పోతాయి. దూరాన ఉన్న కొండలు మెల్లగా జరుగుతాయి. అంటే వేగంగా జరిగేది దగ్గర, మెల్లగా జరిగేది దూరం. తేనెటీగ వాడే లెక్క ఇదే.

ఇది తేల్చిన పరీక్షను 1989లో ప్రకటించారు. తేనెటీగలకు ఒక ఇరుకు సందు గుండా చక్కెర నీటి దగ్గరకు వెళ్లడం అలవాటు చేశారు. రెండు వైపుల గోడలకు చారలు వేశారు. ఈగలు సరిగ్గా మధ్యనే ఎగిరాయి. తరువాత ఒక గోడను ఈగ ఎగిరే దిక్కుకే జరిపారు. ఆ వైపు చారలు మెల్లగా జరిగినట్లు కనబడేసరికి, ఆ గోడ దూరంగా ఉన్నట్లు లెక్కవేసుకుని ఈగ దానివైపు ఒరిగింది. అది గజంబద్దతో కొలవడం లేదు. రెండు పక్కల కదలిక సమానంగా ఉందా లేదా అని మాత్రమే చూసుకుంటోంది.

వాలేటప్పుడు కూడా అలాగే చేస్తుంది. కింద నేల జరిగే వేగం కంటికి ఎప్పుడూ ఒకేలా ఉండేటట్లు చూసుకుంటుంది. నేల దగ్గరయ్యేకొద్దీ అది మరింత వేగంగా జరిగినట్లుంటుంది గనుక, ఈగ తన వేగాన్ని తగ్గించుకుంటూ వస్తుంది. మెత్తగా దిగుతుంది. శ్రీనివాసన్ బృందం ఈ సూత్రాలతోనే నడిచే రోబోలకూ, మనిషి లేకుండా ఎగిరే చిన్న విమానాలకూ చూపు అమర్చింది. 2006లో ఆయనకు ఆస్ట్రేలియా ప్రధానమంత్రి విజ్ఞాన బహుమతి లభించింది.

చెరువుగట్టు కప్ప కూడా ఒక పాఠం చెప్పింది. దాని కన్ను చూసినదంతా మెదడుకు చేరవేయదని, కదిలే చిన్న పురుగులాంటి ముఖ్యమైన వాటిని కంటిలోనే ఏరి పంపుతుందని జెరోమ్ లెట్విన్, ఆయన తోటివారు 1959లో చూపించారు. కంటిలోనే జరిగే ఇలాంటి ఏరివేతను అనుకరిస్తూ, వెలుగులో మార్పు వచ్చిన చోటును మాత్రమే తెలియజేసే కెమేరాను స్విట్జర్లాండులోని శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు. కదలని గోడ గురించి అది ఏమీ చెప్పదు. అందుచేత దానికి పనీ తక్కువ, విద్యుత్తూ తక్కువ.

ఇదంతా పల్లెలో ఉన్న మనకెందుకు అని మీరు అడగవచ్చు. పొలాల్లో మందు చల్లే డ్రోన్లు మన దాకా వచ్చాయి. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో ఆమోదించింది. గాలిలో నిలకడగా ఉండేందుకు చాలా డ్రోన్లకు నేల కదలికను గమనించే చిన్న కెమేరా ఉంటుంది. తేనెటీగ కంటి లెక్క కూడా అటువంటిదే. కాని పూత మీద ఉన్న తోటలో అదే డ్రోను పురుగుమందు చల్లితే, పురుగుతోపాటు తేనెటీగా చస్తుంది. చావకపోయినా ప్రమాదమే. థయామెథాక్సామ్ అనే మందు చంపనంత కొద్ది మోతాదులో తగిలినా, చాలా తేనెటీగలు గూటికి దారి తప్పాయని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 2012లో కనుగొన్నారు. యంత్రాలకు దారి చూపిన ప్రాణికి మనమే దారి లేకుండా చేయడం న్యాయమా?

రైతు సోదరులారా, జీడిమామిడి, నువ్వు, దోస, గుమ్మడి పూత మీద ఉన్నప్పుడు మందు చల్లకండి. తప్పనిసరి అయితే ఈగలు గూటికి చేరిన తరువాత, సాయంకాలం చల్లండి. దగ్గరలో తేనెటీగల పెట్టెలు ఉంటే వాటి యజమానికి ముందుగా కబురు చేయండి. తల్లులారా, పువ్వు మీద వాలిన ఈగను మీ పిల్లలకు చూపించి, అది ఎలా దిగుతుందో గమనించమని చెప్పండి. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు మొదలుపెట్టింది కూడా అక్కడే.