పాత సెప్టిక్ ట్యాంకు: మరమ్మతా, కొత్త నిర్మాణమా?

మీ ఇంటి మరుగుదొడ్డి కట్టించి ఇరవై ఏళ్లు దాటి ఉండవచ్చు. పోసిన నీరు వెంటనే దిగదు. వర్షాకాలంలో పెరటి నేల చెమ్మగిల్లి దుర్గంధం వ్యాపిస్తుంది. మేస్త్రీని పిలిస్తే మొత్తం తవ్వి కొత్తది కట్టవలసిందేనంటాడు. ఆ మాటను నమ్మి రుణానికి దరఖాస్తు చేయకముందే ఒక సంగతి తేల్చుకొనండి: పాడైనది ట్యాంకా, ఇంకుడు గుంతా?

ట్యాంకులో మలినం అడుగున మడ్డిగా పేరుకొనగా, పైన తెట్టె కడుతుంది; నడిమి నీరు మాత్రమే గుంతలోకి పోవాలి. రెండు మూడేళ్లకొకసారి మడ్డి తీయించకుంటే అదీ నీటివెంట పోయి మట్టి రంధ్రాలను పూడ్చివేస్తుంది. అప్పుడు చెక్కుచెదరని ట్యాంకు సైతం పొంగుతుంది.

మూత తీయించి, దూరంగా నిలబడి నీటి మట్టం చూడండి. బయటికి పోయే గొట్టం అంచు వరకు నీరుండటం సహజమే; నిండింది కదా అని కంగారుపడవద్దు. అంతకు మించి ఉంటే దోషం గొట్టానిదో, గుంతదో. గుంతను మాత్రం కొత్తగా తవ్విస్తే సరిపోవచ్చు. మట్టం గొట్టానికి బాగా దిగువన నిలిచిపోతే ట్యాంకే కారుతున్నదని అర్థం. ట్యాంకరుతో ఖాళీ చేయించి, దీపం వెలుతురులో పైనుండే పగుళ్లను పరిశీలించండి. అగ్గిపుల్ల గీయవద్దు. ఎవరినీ లోపలికి దింపవద్దు. అందులోని విషవాయువు క్షణాలలో ప్రాణం తీస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిచేత శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

సన్నని పగుళ్లయితే సిమెంటు పూతతో సరిపోతుంది. గోడ ఒరిగినా, అడుగు బీటలువారినా మరమ్మతు వృథా. వరలు దించి అడుగు వేయకుండా వదిలిన గుంతను కూడా మనవారు సెప్టిక్ ట్యాంకనే పిలుస్తారు. అది తాగునీటి బావి చెంతనే ఉంటే ఎంత పూత పూసినా ప్రయోజనం లేదు. ఇంకుడు గుంతకు, బావికి మధ్య కనీసం 18 మీటర్లు, అనగా సుమారు 60 అడుగుల దూరం ఉండాలి. వరలు, గొట్టాలు అమ్మే వ్యాపారులు సరుకు బండికెత్తే ముందు ఈ దూరం అడిగితే కొనుగోలుదారుకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఇంటి మరుగుదొడ్ల నిర్మాణానికే కాక, పునరుద్ధరణకు ఇచ్చే రుణాలను కూడా రిజర్వు బ్యాంకు ప్రాధాన్యతా రంగంలో చేర్చింది. కనుక మరమ్మతు కోసం పంట రుణం సొమ్ము వాడుకొనవలసిన అవసరం లేదు. గుంతకు, ట్యాంకుకు విడివిడిగా అంచనాలు వ్రాయించి, బావి దూరాన్ని కూడా అందులో చూపించి, శాఖకు తీసుకొని రండి.