టోపీకి ఏ దారం, సంచికి ఏ దారం? కొనే ముందు ఇది చూడండి

రాయచోటి నుంచి మన కొత్త ఎపిసోడ్ ఇది. ఫోన్‌లో వీడియోలు చూసి టోపీలు, మఫ్లర్లు, పౌచ్‌లు అల్లేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. కొందరు అమ్ముతున్నారు కూడా. దారం కొనేటప్పుడు అందరం ముందు చూసేది రంగు. కానీ ముందు అడగాల్సింది వేరే: ఈ వస్తువు సాగాలా, వద్దా?

టోపీ, గ్లౌజులు సాగి మళ్లీ బిగియాలి. ఆ గుణం ఉన్నిది. ఉన్ని పోగు పుట్టుకతోనే వంకర్లు తిరిగి ఉంటుంది. లాగితే స్ప్రింగులాగా సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. కాటన్‌కు అంత సాగుడు లేదు. బిగుతుగా ఉండాల్సిన టోపీ దాంతో అల్లితే కొన్నాళ్లకు వదులైపోతుంది. కానీ కాటన్ చెమట పీలుస్తుంది, ఉతుకులకు తట్టుకుంటుంది. అందుకే సంచికి, పౌచ్‌కి, మన ఎండల్లో పెట్టుకునే వెడల్పు టోపీకి అదే మేలు. 2024లో జీఐ గుర్తింపు వచ్చిన నరసాపురం లేసు చూడండి. సన్నని కాటన్ దారం, ఒక్క హుక్కు, అంతే. ఎక్కువ సాగదు కాబట్టే పువ్వు ఆకారం నిలబడుతుంది.

"మనూర్లో ఇన్ని గొర్రెలున్నాయి కదా, ఉన్ని రాదా?" అంటారేమో. నెల్లూరు జాతి గొర్రెకు ఉండేది పొట్టి వెంట్రుకలే, దారానికి పనికిరావు. దక్కనీ గొర్రెకు ఉన్ని ఉంది గానీ గరుకు. గొంగడికి బాగుంటుంది, మెడకు చుట్టుకుంటే గుచ్చుకుంటుంది. మెత్తగా కావాలంటే మెరినో ఉన్ని తీసుకోవాలి, ధర ఎక్కువ.

ఇంక అసలు విషయం. అంగట్లో "ఊల్" అని ఇచ్చే ఉండల్లో చాలావరకు అక్రిలిక్. అది ప్లాస్టిక్ లాంటి దారం. చవక, తేలిక, రంగులు బోలెడు. మఫ్లర్‌కు బాగానే పనికొస్తుంది. పొయ్యి మీది గిన్నె దించే గుడ్డ మాత్రం దాంతో అల్లొద్దండి. వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. దానికి మందంగా అల్లిన కాటన్ వాడండి.

లేబుల్ లేకపోతే చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద కాల్చి చూడండి. పక్కన నీళ్లు పెట్టుకోండి.

కాటన్: కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద.
ఉన్ని: వెంట్రుకలు కాలిన వాసన, మంట తీస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్లతో నలిగిపోతుంది.
అక్రిలిక్: కరుగుతూ మండుతుంది, చల్లారాక గట్టి నల్ల పూస మిగులుతుంది.

అమ్మేవాళ్లకు ఒక మాట. అక్రిలిక్ అయితే అక్రిలిక్ అనే రాయండి. కొన్నవాళ్లు దాన్ని ఎట్లా ఉతకాలో, ఎక్కడ వాడకూడదో ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది. సరే, మళ్లీ కలుద్దాం. బాయ్!