'శుద్ధ' అన్న మాట దగ్గరే చిక్కు: వీగన్ ఉద్యమాన్ని మేడ్చల్, శామీర్‌పేట వాడల నుంచి చూస్తే

'వీగన్' అన్న మాటను 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు పుట్టించారు. మాంసం మాత్రమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె, తోలు, పట్టు, ఉన్ని కూడా వద్దనుకునేవాళ్లు వీగన్లు. జంతువును మనిషి అవసరానికి వాడుకోకూడదన్నది వాళ్ల వాదం. ఇంతవరకు ఇందులో కులం లేదు. ఆ మాట తెలుగులోకి వచ్చేటప్పుడు మాత్రం ఒకటి జరిగింది. చాలామంది దాన్ని 'శుద్ధ శాకాహారం' అని అనువదించుకున్నారు.

'శుద్ధ' అనగానే ఈ నేల మీద ఏం గుర్తొస్తుందో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. పైగా ఆ అనువాదం తప్పు కూడా. హోటల్ బోర్డు మీది 'ప్యూర్ వెజ్'లో నెయ్యి కారుతూ ఉంటుంది, పెరుగు గిన్నె తప్పకుండా ఉంటుంది. వీగన్ లెక్కలో అది శుద్ధం కాదు. అయినా రెండూ ఒకటే అనిపించడానికి కారణం ఉంది. మన దగ్గర తిండి గురించిన మాటలన్నీ ముందే మెట్ల వరుసలో పేర్చి ఉన్నాయి. మాంసాన్ని 'నీచు' అంటారు, చెవికది 'నీచం' లాగే వినిపిస్తుంది. తెలంగాణ పల్లెలో అదే మాంసాన్ని ఊరికే 'కూర' అంటారు, గొడ్డు మాంసమైతే 'పెద్దకూర'. చిన్నతనం లేకుండా, పెద్ద అని పిలుచుకున్న పేరు అది. ఒకే పదార్థానికి ఈ రెండు పేర్లు రెండు వేరు వాడల నుంచి వచ్చాయి.

2014లో కేంద్రం చేసిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు పైబడినవారిలో దాదాపు 99 శాతం మాంసాహారులే. దేశంలో ఇంతకంటే ఎక్కువ మరే రాష్ట్రంలోనూ లేదు. అంటే ఇక్కడ శాకాహారం సంఖ్యలో ఒక్క శాతం. అధికారంలో ఎంత శాతమో తెలియాలంటే కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా గది అద్దెకు అడుగుతూ వెళ్లాలి. 'మీరు ఏం తింటారు?' అన్నది వంటగది గురించిన ప్రశ్న కాదని అడిగినవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. కులం పేరు నోట రాకుండా కులం అడిగే పద్ధతి అది. మా పరిశోధనలో కలిసిన విద్యార్థుల్లో ఆ ప్రశ్నకు 'వెజ్' అని అబద్ధం చెప్పి గది సంపాదించి, ఆదివారం ఊరెళ్లి కూర తిని వచ్చేవాళ్లున్నారు.

మేము ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం, జంతువు చుట్టూ తిరిగే వ్యాపారాలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు నగరం చుట్టుపక్కల అరుదు కావడం. శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ, అక్కడ టీకాల కంపెనీలు, పరిశోధన కోసం జంతువులను పెంచి సరఫరా చేసే జాతీయ కేంద్రం. పొలాల మధ్య కోళ్ల షెడ్లు. అదే జిల్లాలో, బోడుప్పల్ దగ్గర చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన కేంద్రం. వీటన్నిటి మధ్య రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు. వారాంతంలో నగరం నుంచి 'ప్రకృతికి దగ్గరగా' బతకడానికి వచ్చేవాళ్లు వీటిలో దిగుతారు. వీగన్ మాట ఈ పల్లెల చెవిన పడింది కూడా ఎక్కువగా వాళ్ల ద్వారానే. లాల్‌గడి మలక్‌పేట, అలియాబాద్ వైపు నుంచి ఆ ఫామ్‌హౌస్‌లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఆ మాటను మాకంటే ముందే విని ఉన్నారు.

వాళ్లకు వీగన్ అంటే ఏమిటో మేము వివరించబోతే ఒక అవ్వ మధ్యలోనే అడిగింది: "పాలు గూడ తాగరా బిడ్డా? మరి పూజకు నెయ్యెట్ల?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈ చర్చ మొత్తం ఆ ప్రశ్నలో ఉందని మా అభిప్రాయం.

ఎందుకో చూద్దాం. బర్రె పాలివ్వాలంటే ఈనాలి. ఈనితే సగం సార్లు మగదూడే పుడుతుంది. ట్రాక్టర్ వచ్చాక దున్నతో పని లేదు, కృత్రిమ గర్భధారణ వచ్చాక విత్తనపు దున్నతోనూ పని లేదు. వట్టిపోయిన బర్రెను మేపే స్తోమత చిన్న రైతుకు లేదు. దూడ, వట్టిపోయిన బర్రె సంతకు పోతాయి, అక్కడి నుంచి కబేళాకు. అంటే పెద్దకూర పాడి పరిశ్రమకు శత్రువు కాదు, దాని రెండో అంచె. ఆ అంచె లేకపోతే లీటరు పాల ధర ఇప్పుడున్నట్టు ఉండదు. నెయ్యి పోసుకుని తినేవారి పళ్లేనికీ, కళ్యాణి బిర్యానీ పొట్లానికీ మధ్య ఉన్నది ఒకే బర్రె. నిక్కచ్చిగా మాట్లాడితే వీగన్ వాదం ముందు నిలదీయాల్సింది మాంసం తినని, పాలు తాగే ఇళ్లను.

కానీ వీధిలో కనబడేది అది కాదు. పాల గురించి మాట్లాడితే గుడి, పూజ, ప్రసాదం, పండగ అన్నీ కదులుతాయి. మాంసం గురించి మాట్లాడితే కదిలేది వాడ మాత్రమే. సులువైన వైపు నుంచి మొదలుపెట్టడం ఏ ఉద్యమానికైనా అలవాటే. అయితే ఇక్కడ ఆ సులువైన వైపు నిలబడి ఉన్నవాళ్ల మీద అప్పటికే కర్రలు లేచి ఉన్నాయి.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత బహుజన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపినప్పుడు రాళ్లు పడ్డాయి, వాహనాలు తగలబడ్డాయి, ఒక విద్యార్థి కత్తిపోటుకు గురయ్యాడు. వాళ్లు అడిగింది హాస్టల్ మెస్‌లో తమ తిండికీ చోటు కావాలని. 2015 డిసెంబరులో మళ్లీ జరపబోతే హైకోర్టు ఉత్తర్వులతో పోలీసులు ఆపేశారు. 2016 ఆగస్టులో అమలాపురంలో, కరెంటు షాక్‌తో చనిపోయిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు మాదిగ అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టారు. ఆ పనికి పిలిచింది ఆవు యజమానే. గుజరాత్‌లోని ఊనాలో కొట్టిన దెబ్బలకు అప్పటికి నెల తిరిగింది. ఇవన్నీ చేసింది వీగన్లు కాదు, ఆ మాట కచ్చితంగా చెప్పాలి. కానీ 'జీవహింస' అన్న ఒకే మాటను గోరక్షకుడూ వీగనూ వాడుతున్నప్పుడు, వాడలో నిలబడి వినేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది? తేడా చూపించాల్సిన బాధ్యత మాట్లాడేవాళ్లది.

చట్టం సంగతి ఒకటి పక్కన చెప్పుకోవాలి. తెలంగాణలో ఇప్పటికీ నడుస్తున్నది 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం. ఆవును కోయరాదు. ఎద్దు, బర్రె అయితే సేద్యానికీ పాడికీ పనికిరావన్న ధ్రువీకరణ ఉండాలి. అదే 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కూడా వచ్చింది. పేదలకు, ఎక్కువగా దళితులకు, ఇచ్చిన లావుణి పట్టా భూమిని ఎవరూ కొనకూడదని. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండు చట్టాల్లో ఏది ఎంత గట్టిగా అమలైందో ఔటర్ రింగు రోడ్డు మీద నిలబడి రెండు వైపులా చూస్తే తెలుస్తుంది. పశువును కాపాడే చట్టానికి కర్రలు పట్టుకున్న స్వచ్ఛంద సేవకులు దొరికారు. భూమిని కాపాడే చట్టానికి దొరకలేదు.

ఈ ఇబ్బంది మనకొక్కరికే కాదు. 2005లో అమెరికాలో పెటా సంస్థ జంతువుల బాధను బానిసత్వంతో, నల్లజాతివారిని చెట్లకు ఉరితీసిన ఫొటోలతో పక్కపక్కన పెట్టి ప్రదర్శన జరిపింది. నల్లజాతివారి నుంచి తీవ్రమైన నిరసన వచ్చింది. ఆ చర్చల వేడిలోంచే బ్రీజ్ హార్పర్ సంపాదకత్వంలో 2010లో 'సిస్టా వీగన్' పుస్తకం వచ్చింది. అందులో రాసిన నల్లజాతి మహిళలు వీగన్ ఆలోచనను వదిలెయ్యలేదు. తెల్లవారి అనుభవాన్ని అందరి అనుభవంగా చెప్పడాన్ని ప్రశ్నించారు, తమ శరీరాల ఆరోగ్యం, తమ పేటల్లో మంచి కూరగాయలు దొరకకపోవడం, బానిసత్వం వదిలి వెళ్లిన తిండి అలవాట్లు చర్చలోకి తెచ్చారు. 2017లో ఏఫ్ కో, సిల్ కో అనే అక్కాచెల్లెళ్లు 'ఏఫ్రోయిజం'లో ఇంకో అడుగు వేశారు. 'జంతువు' అన్న ముద్ర కొందరు మనుషుల మీద కూడా వేయడానికి తయారైందని, తెల్లవాణ్ణి 'మనిషి'గా నిర్వచించినప్పుడే మిగతావాళ్లు జంతువు వైపు నెట్టబడ్డారని వాళ్ల వాదం. 'గొడ్డుచాకిరీ' అన్న మాట ఉన్న భాషలో ఇది అర్థం కావడానికి ఎక్కువ వివరణ అక్కర్లేదు.

హైదరాబాద్‌కు ఇందులో తన సొంత చరిత్ర ఉంది, అది చాలామందికి తెలియదు. మాదరి భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, జోగిని ఆచారానికీ తాగుడుకూ వ్యతిరేకంగా హరికథలతో, ఉపన్యాసాలతో పనిచేశారు. ఆయనే జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలిలోనూ పనిచేసి జాతరల్లో జంతుబలులు వద్దని ప్రచారం చేశారు. బుద్ధుడి వైపు మొగ్గిన మనిషి. అలాగని పైకులాల శుద్ధికి తలవంచలేదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షత వహించి 'పంచమ' అన్న పేరునే తిప్పికొట్టారు, మేము ఈ నేల మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని చెప్పించారు. మూగజీవం మీద కరుణ, సొంత పేరు పెట్టుకునే ధిక్కారం ఒకే మనిషిలో ఉన్నాయి. కరుణ పైనుంచి కిందికి పంచిపెట్టే ప్రసాదమన్న ఊహ అక్కడే తేలిపోతుంది.

అంబేద్కర్‌లోనూ ఈ రెండు పాయలు ఉన్నాయి. 1927 మహద్‌లో చచ్చిన గొడ్డు మాంసం మానమని, కళేబరాలు మోయడం మానమని పిలుపునిచ్చారు. 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో మాత్రం గొడ్డు మాంసం మానేసిన బ్రాహ్మణ ఎత్తుగడకూ అంటరానితనానికీ ఉన్న లంకెను విప్పారు. మానుకొమ్మని మనవాళ్లు చెప్పడం వేరు, సిగ్గుపడమని ఇంకొకరు చెప్పడం వేరు.

తోలు గురించి కూడా ఇలాగే చూడాలి. తంగేడు చెక్క, సున్నం వేసి లందలో తోలు ఊనే విద్య మాదిగలది. తంగేడు పువ్వు రాష్ట్ర పుష్పమైంది, ఆ చెక్కతో పనిచేసిన చేతులకు మాత్రం దుర్వాసన అన్న పేరే మిగిలింది. ఇప్పుడు 'వీగన్ లెదర్' పేరుతో అమ్మేది చాలావరకు ప్లాస్టిక్. ఇక ప్రయోగశాలలో కణాల నుంచి పెంచే మాంసం సంగతి. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ దీని కోసం సీసీఎంబీకి, చెంగిచర్ల కేంద్రానికి నిధులిచ్చింది. దానికి ప్రచారంలోకి వచ్చిన పేరు 'అహింసా మీట్'. మాంసం ఇంకా తయారు కాకముందే దానికి శుద్ధి జరిగిపోయింది! అది నిజంగా మార్కెట్లోకి వస్తే ఆరెకటికల, ఖురేషీల బతుకు ఏమవుతుందన్న ప్రశ్న ఆ పేరులో ఎక్కడా లేదు.

ఇక వాడలో రోజూ వండేది చూడండి. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పుంటికూర, తొక్కు, గటక, చింతచిగురు. వారంలో నాలుగైదు రోజులు చాయ్‌లో పాలు తప్ప ఇంటి తిండి వీగన్ తిండే. ఎవరూ ఆ పేరు పెట్టలేదు, ఎవరూ లోగో వేయలేదు. 2022 నుంచి వీగన్ ఆహారానికి ఆహార భద్రతా సంస్థ నిబంధనలు, ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు వచ్చాయి. ఆ గుర్తున్న బాదం పాల ధర అడిగి చూస్తే అది ఎవరి కోసమో తెలుస్తుంది. వాడలో మాంసం తక్కువ తినడం ఎంపిక కాదు, కొనలేకపోవడం. అందుకే బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు మీద చేయి వేసే ఏ వాదాన్నీ మేము ఒప్పుకోలేం. గర్భిణులకూ బాలింతలకూ రోజూ గుడ్డు, పాలు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి 2015 నుంచి ఉంది. అది కావాలని ఆ తల్లులే అంటున్నప్పుడు వద్దనే హక్కు నిండు కడుపులకు లేదు.

అలాగని కోడి బాధ అబద్ధమని కాదు. శామీర్‌పేట వైపు లేయర్ షెడ్డులోకి వెళితే కళ్లు మండుతాయి, రెక్క విప్పడానికి జాగా లేని గూళ్లు వరసగా కనిపిస్తాయి. గుడ్ల కోళ్ల గూళ్ల మీద, బ్రాయిలర్ల పెంపకం మీద లా కమిషన్ 2017లో 269వ నివేదిక ఇచ్చింది. అదే ఘాటు గాలిలో, షెడ్డు పక్కన రేకుల గదిలో, వలస కూలీ కుటుంబం పిల్లలతో సహా ఉంటుంది. రాత్రి కరెంటు పోతే కోళ్ల కోసం లేచేదీ వాళ్లే, చచ్చిన కోళ్లను ఏరేదీ వాళ్లే. అక్కడికి వీడియో తీయడానికి వెళ్లే జంతు హక్కుల మిత్రులు కెమెరాను ఇంకో పది అడుగులు పక్కకు తిప్పితే ఆ గది కూడా వస్తుంది. ఆ షెడ్లకు కొద్ది దూరంలోనే నల్సార్ లా యూనివర్సిటీ ఉంది. గూటి కొలతతో పాటు ఆ గది కొలత, ఆ కూలీ రేటు, ఆ పిల్లల బడి కలిపి ఒకే పిటిషన్‌లో పెట్టగలిగే విద్యార్థులు అక్కడ ఉన్నారు. ఆ షెడ్లలో పనిచేసేవాళ్లతో మాట్లాడిన నోట్స్ మా దగ్గర ఉన్నాయి, పనికొస్తే తీసుకోవచ్చు.