డీవీడీ చూడ్డానికే, దాచడానికి కాదు

బీరువాలో ఉన్న పాత క్యామ్‌కార్డర్ టేపుల్ని కంప్యూటర్ మీదుగా టీవీలోకి తేవడం సాధ్యమే. కానీ డిస్కు చేతికి రాగానే టేపును పారేస్తే ఉన్నదీ పోతుంది

బిలాస్‌పూర్‌కు తెలుగు మాట రైలు వెంటే వచ్చింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్-అసన్‌సోల్ మార్గాన్ని ఈ ఊరి మీదుగా వేసింది. 1931లో విజయనగరం-రాయపూర్ మార్గం పూర్తవడంతో ఉత్తరాంధ్ర మరింత దగ్గరైంది. ఇప్పటికీ విశాఖ-కోర్బా ఎక్స్‌ప్రెస్ ఆ దారినే బిలాస్‌పూర్ చేరుతుంది. 2003 ఏప్రిల్ నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం కూడా. రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న కుటుంబాల్లో తాత తెలుగులో అడిగితే మనవడు హిందీలో జవాబు చెప్పడం వింతేమీ కాదు.

అలాంటి ఇళ్లలో పాత వీడియో టేపు విలువ వేరు. అందులో పెళ్లి, సీమంతం, పదవీ విరమణ సన్మానం మాత్రమే ఉండవు. నానమ్మ యాస ఉంటుంది, మేనమామ వేళాకోళం ఉంటుంది. ఫొటో ఆల్బమ్ ఇవ్వలేనిది అదే. 1995లో మార్కెట్లోకి వచ్చిన మినీడీవీ టేపు, దానికి ముందరి వీహెచ్ఎస్, హై8 టేపులు ఆ గొంతుల్ని పట్టుకున్నాయి. ఇప్పుడు వాటిని ఆడించే యంత్రాలే కరువయ్యాయి. జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. సోనీ 2025 ఫిబ్రవరిలో మినీడీవీ క్యాసెట్ల ఉత్పత్తికి స్వస్తి చెప్పింది. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే '2025 గడువు' పేరుతో హెచ్చరిక చేసింది. ఆలోపు కాపీ తీయని అయస్కాంత టేపుల్లో చాలావాటిపై ఆశ వదులుకోవాల్సిందేనన్నది దాని సారాంశం.

మొదటి పని టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడం. మినీడీవీ కెమెరాకైతే ఫైర్‌వైర్ కేబుల్ కావాలి. చాలా కెమెరాలకు యూఎస్‌బీ సాకెట్ కూడా ఉన్నా, దాన్ని ప్రధానంగా ఫొటోలకో, తక్కువ నాణ్యత వీడియోకో ఇచ్చారు. వీహెచ్ఎస్‌కు వీసీఆర్‌తోపాటు క్యాప్చర్ పరికరం అవసరం. ఇందులో అడ్డదారి లేదు. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది. అలా వచ్చిన డీవీ ఫైలు గంటకు సుమారు 13 గిగాబైట్లు ఉంటుంది. మామూలు డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లే.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కంప్యూటర్‌లో చక్కగా ఆడుతున్న ఫైలును అలాగే డిస్కులోకి కాపీ చేస్తారు. తీరా టీవీ పక్కనున్న ప్లేయర్ దాన్ని గుర్తించదు. కారణం డిస్కు చెడిపోవడం కాదు. మామూలు ప్లేయర్‌కు వీడియో ఎంపెగ్-2 రూపంలో, 'వీడియో_టీఎస్' అనే ఫోల్డర్‌లో, నిర్ణీత పద్ధతిలో అమరి ఉండాలి. ఆ అమరికనే ఆథరింగ్ అంటారు. విండోస్ విస్టా, విండోస్ 7లలో ఇందుకు డీవీడీ మేకర్ అనే ప్రోగ్రామ్ ఉండేది. విండోస్ 8 నుంచి దాన్ని తీసేశారు. ఉచితంగా దొరికే డీవీడీస్టైలర్ వంటివి ఇప్పుడు ఆ పని చేస్తాయి.

ఆథరింగ్‌లో మూడు విషయాలు గమనించాలి. ఒకటి నిడివి. ఒక డిస్కులో గంట వీడియో పెడితే బొమ్మ బాగుంటుంది, రెండు గంటలు పెడితే ఫర్వాలేదు, మూడు గంటలు కుక్కితే ముఖాలు మసకబారతాయి. రెండోది ప్రమాణం. భారత్‌లో కొన్న కెమెరాలు పాల్ పద్ధతివి, అమెరికావి ఎన్‌టీఎస్‌సీవి. మనవైపు ప్లేయర్లు చాలావరకు రెండింటినీ ఆడిస్తాయి. కానీ ఇక్కడ చేసిన పాల్ డిస్కును అమెరికాలోని కూతురికి పంపితే అక్కడి ప్లేయర్ మొరాయించవచ్చు. మూడోది ఫీల్డ్ క్రమం. డీవీ వీడియోలో కింది గీతల వరుస ముందు వస్తుంది. సెట్టింగ్‌లో అది తారుమారైతే తలంబ్రాలు పోసే చేతులు కుదుపులతో కదులుతాయి. ఇక డిస్కు రాసేటప్పుడు తక్కువ వేగం ఎంచుకుని, ఫైనలైజ్ చేసి, టీవీలో చివరిదాకా చూసుకోవడం మేలు.

అసలు నష్టం మాత్రం ఇదంతా సవ్యంగా జరిగాకే మొదలవుతుంది. డిస్కు ఆడగానే పని అయిపోయిందనుకుని టేపును చెత్తలో వేస్తారు, చోటు చాలడం లేదని ఫైలును చెరిపేస్తారు. రెండు గంటల డీవీ వీడియో 26 గిగాబైట్లు. అది 4.7 గిగాబైట్ల డిస్కులో ఇమిడిందంటే అయిదో వంతుకన్నా తక్కువ సమాచారమే మిగిలినట్టు. పోయినదాన్ని మళ్లీ రాబట్టలేం. పైగా ఇంట్లో రాసే డిస్కుల్లో చాలావాటిలో సమాచారం సేంద్రియ రంగు పూతలో నిలుస్తుంది. ఎండ, వేడి, తేమ ఆ పూతకు శత్రువులు. వేసవిలో 45 డిగ్రీలు దాటే బిలాస్‌పూర్‌లో కిటికీ పక్క అరలో పెట్టిన డిస్కు ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవే ఉండటం లేదు.

అందుకే క్రమం తిరగేయాలి. ముందు అసలు ఫైలును రెండు హార్డ్‌డిస్కుల్లో భద్రపరచాలి. ఒక టెరాబైట్ డిస్కులో గంట నిడివి టేపులు 70కి పైగా పడతాయి. రెండో కాపీని విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఉన్న బంధువుల ఇంట ఉంచితే మరీ మంచిది. ఫోన్లలో చూసే పిల్లల కోసం ఎంపీ4 కాపీ తీయాలి. డీవీడీ ఆ తర్వాతే. టేపును మాత్రం పారేయకూడదు.

అలాగని డీవీడీ దండగ కాదు. ఫోన్ తెర మీద వేళ్లు ఆడని పెద్దవాళ్లకు రిమోట్ మీద ఒక్క మీట చాలు. పెళ్లి పందిట్లో ఎవరు ఎవరో, ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ వరస అవుతారో చెప్పగలిగింది వాళ్లే. వాళ్లు చూస్తున్నప్పుడు ఒకరు పక్కన కూర్చుని ఆ పేర్లు రాసుకోవాలి. ఆ వివరాలు టేపులోనూ లేవు, కంప్యూటర్‌లోనూ లేవు. వాటికి ఇంకో కాపీ లేదు.