వెబ్ అప్లికేషన్ నిర్మాణంలో ఆదర్శం – ఆచరణ: పశ్చిమ ప్రకాశం గ్రామ సమాచారం ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం:
పరిశోధన అవసరాల కోసం చిన్న వెబ్ అప్లికేషన్ నిర్మించేవారు ఉత్తమ పద్ధతులను ఎంతవరకు పాటించాలి, ఎక్కడ సరళతను ఎంచుకోవాలి అన్న విషయాన్ని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల జిల్లా మార్పుల ఉదాహరణతో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: వెబ్ అప్లికేషన్, మాడ్యూల్, డేటాబేస్, స్థానిక చరిత్ర, మార్కాపురం.

ఉపోద్ఘాతం

స్థానిక చరిత్ర, గ్రామనామాలు, మాండలికాలు వంటి అంశాలపై సేకరించిన సమాచారాన్ని వెబ్ అప్లికేషన్‌గా మలచుకోవాలంటే పరిశోధకుని ముందు రెండు దారులుంటాయి. పాఠ్యగ్రంథాలు చెప్పే పద్ధతులన్నింటినీ మొదటి రోజు నుంచే పాటించడం ఒకటి. అప్పటికి పని జరిగేలా అంతా ఒకే ఫైలులో రాసుకోవడం మరొకటి. మొదటి దారిలో అప్లికేషన్ పూర్తికాకముందే పరిశోధన గడువు ముగిసే ప్రమాదం ఉంది. రెండో దారిలో అప్లికేషన్ నడుస్తుంది గాని, తప్పు సమాచారం ఇచ్చినా ఎవరూ గుర్తించలేని స్థితి ఏర్పడవచ్చు.

ఉత్తమ పద్ధతుల నేపథ్యం

తెర, తర్కం, సమాచారం అనే మూడింటినీ వేరుచేసే మోడల్–వ్యూ–కంట్రోలర్ పద్ధతిని ట్రిగ్వే రీన్‌స్కౌగ్ 1979లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపొందించాడు. అప్పటికి వెబ్ లేదు. 2004లో వెలువడిన రూబీ ఆన్ రైల్స్, 2005లో వెలువడిన జాంగో వంటి ఫ్రేమ్‌వర్కులు ఈ తరహా విభజనను వెబ్ రంగంలో వ్యాప్తి చేశాయి. దీనికి సర్వీస్ లేయర్, రిపాజిటరీ వంటి అంతరువులు తోడయ్యాయి. అనేక బృందాలు ఏళ్ల తరబడి పనిచేసే చోట ఇవి అవసరమే. అయితే ప్రతి అంతరువుకూ ఒక ఖర్చు ఉంది. ఫారంలో ఒక్క గడి చేర్చడానికి నాలుగైదు ఫైళ్లు మార్చవలసి రావడం చిన్న బృందానికి భారమే.

ఏది ఉంచాలి, ఏది వదలాలి అనడానికి డేవిడ్ పార్నస్ 1972లో ప్రచురించిన వ్యాసం నేటికీ ఉపయోగపడే కొలమానాన్ని ఇస్తుంది. ఆయన ఒక పదసూచికను తయారుచేసే ప్రోగ్రామును ఉదాహరణగా తీసుకొని, పని జరిగే క్రమాన్ని బట్టి కాక, మారే అవకాశమున్న నిర్ణయాలను బట్టి మాడ్యూళ్లను విభజించాలని ప్రతిపాదించాడు. అంటే మారబోయే నిర్ణయం ఒక్క మాడ్యూలుకే తెలియాలి.

పశ్చిమ ప్రకాశం ఉదాహరణ

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇవి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాకు, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లాయి. మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా కావాలన్న కోరిక కూడా ఈ ప్రాంతంలో దీర్ఘకాలంగా వినిపించినదే.

ఈ ప్రాంతపు గ్రామపత్రాల కోసం అప్లికేషన్ రాస్తున్నామనుకుందాం. గ్రామాల పట్టికలో ‘జిల్లా’ అనే ఒక గడి పెట్టి ‘ప్రకాశం’ అని నింపడం అతి సులభం. కాని 1965 నాటి మార్కాపురం పత్రాన్ని తెరిస్తే అప్లికేషన్ దానిని కూడా ప్రకాశం జిల్లా పత్రంగానే చూపుతుంది. కోడ్‌లో ఎక్కడా లోపం కనిపించదు. ఆ పత్రాన్ని ఉదాహరించిన సిద్ధాంతగ్రంథంలో మాత్రం చారిత్రక దోషం చేరుతుంది.

కనుక ఇక్కడ శ్రమ పెట్టాలి. గ్రామానికి ఒక స్థిరమైన సంఖ్య ఇవ్వాలి. మార్కాపురం, మార్కాపూర్ అనే రెండు రూపాలూ వ్యవహారంలో ఉన్నందున పేరును గుర్తింపుగా వాడరాదు. గ్రామం సంఖ్య, జిల్లా, మొదలైన తేదీ, ముగిసిన తేదీ అనే గడులతో వేరొక పట్టిక ఉండాలి. ‘ఈ గ్రామం ఈ తేదీన ఏ జిల్లాలో ఉంది?’ అన్న ప్రశ్నకు ఒకే ఫంక్షన్ జవాబివ్వాలి. ప్రతి పేజీ దానినే అడగాలి. మళ్లీ జిల్లాలు మారితే పట్టికలో వరుసలు చేరతాయి గాని కోడ్ మారదు. పత్రంలో ఉన్న జిల్లా పేరును యథాతథంగా మరొక గడిలో భద్రపరచాలి. మూలపాఠం వేరు, మన నిర్ణయం వేరు అన్న పరిష్కరణ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

సరళత చాలిన చోట్లు

లాగిన్, పేజీల అమరిక వంటివాటికి ఫ్రేమ్‌వర్క్ ఇచ్చినదే చాలు. శోధన పేజీ నేరుగా డేటాబేస్‌ను అడిగినా నష్టం లేదు. ఎన్నడో డేటాబేస్‌ను మార్చవలసి వస్తుందేమోనని ఇప్పుడే రిపాజిటరీ అంతరువు కట్టనవసరం లేదు. ఒకే తర్కాన్ని మూడోసారి రాయవలసి వచ్చినప్పుడు దానిని విడదీయవచ్చు. అయితే వాడుకరి ఇచ్చిన పదాలను ప్రశ్నవాక్యంలో నేరుగా అతికించకపోవడం, మార్పుల చరిత్రను దాచే సాధనం వాడటం, సమాచారానికి నకళ్లు ఉంచడం అనే మూడింటికీ మినహాయింపు లేదు. అప్లికేషన్ చిన్నదైనంత మాత్రాన వీటి లోపం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు.

ముగింపు

ఉత్తమ పద్ధతులకూ ఆచరణకూ మధ్య సమతూకం అంటే అన్నిచోట్లా సగంసగం పాటించడం కాదు. మార్పు ఎక్కడ వస్తుందో గుర్తించి అక్కడ కట్టుదిట్టంగా, మిగిలినచోట్ల సరళంగా రాయడం. మార్పు వచ్చే చోటును పాఠ్యగ్రంథం చెప్పలేదు. ఆ ప్రాంతపు చరిత్ర తెలిసిన పరిశోధకుడే చెప్పాలి. అందువల్ల పట్టికల రూపకల్పనను పూర్తిగా ప్రోగ్రామరుకు వదిలిపెట్టక, పరిశోధకుడు మొదటి నుంచీ అందులో పాల్గొనడం అవసరం.