ఎంప్రెస్ ఓడ: అపోహలు – వాస్తవాలు

సముద్రమట్టమునకు ఐదువందల మీటర్ల ఎత్తున, గండశిలల నడుమ వెలసిన మా హబ్సిగూడలో ఓడల ప్రసంగము పుట్టుటయే ఒక వింత. కాని విశాఖపట్టణమున ‘ఎంప్రెస్’ ఓడ యెక్కి పుదుచ్చేరి, చెన్నపట్టణములు చూచి రావచ్చునని తెలిసిన నాటినుండి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఉదయపు నడక ముగించి, తార్నాకలో చాయ్ ముందు కూర్చుండు మా మిత్రబృందమునకు వేరు మాట తోచుట లేదు. ఆ మాటలలో సగము సత్యము, సగము సినిమా.

అందరును ముందుగా నమ్మినది, ఆ ఓడ సరిక్రొత్తదనియు, విశాఖలో ఓడల కర్మాగారమున్నది కావున అక్కడనే కట్టియుందురనియు. స్వతంత్ర భారతమున నిర్మితమైన తొలి పెద్ద ఓడ ‘జల ఉష’ 1948 మార్చి 14న నెహ్రూగారి చేతులమీదుగా విశాఖ జలములలోనికి జారినమాట నిజమే. ఆ గౌరవము విశాఖకు ఎన్నటికిని చెల్లును. ఎంప్రెస్ కథ మాత్రము వేరు. ఫ్రాన్సు దేశమున లువార్ నది సముద్రమును గలియు చోట, సాన్ నజేర్ పట్టణమందలి నౌకానిర్మాణశాలలో పుట్టి, 1990లో కొలువునకు వచ్చిన ఓడ యది. అడ్మిరల్ క్రూయిజెస్ అను సంస్థ ‘ఫ్యూచర్ సీస్’ అను పేర కట్టింపబూనగా, నిర్మాణము ముగియకమునుపే రాయల్ కరీబియన్ వారి వశమై, ‘నార్డిక్ ఎంప్రెస్’ అను నామము దాల్చి, అమెరికాలోని మయామి నుండి బహామా దీవులకు మూడు, నాలుగు రాత్రుల యాత్రలు సాగించినది. అట్టి పొట్టి యాత్రలకే ప్రత్యేకముగా ఉద్దేశింపబడిన ఓడ యగుటచేత, మహాసముద్రములు దాటవలసినది విశాఖ–చెన్నై నడుమ తిరుగుచున్నదే యని జాలిపడ నక్కరలేదు. అది దాని పుట్టుపనియే.

పేరు మార్చిన ఓడకు కీడు మూడునని నావికులలో ఒక పాత నమ్మకము కలదు. ఈ ఓడ 2004లో ‘ఎంప్రెస్ ఆఫ్ ది సీస్’ అయి, 2008లో స్పెయిను దేశపు పుల్మాంటూర్ సంస్థలో వట్టి ‘ఎంప్రెస్’ అయి, 2016లో రాయల్ కరీబియన్ వారి యొద్దకే మరలి వెనుకటి పేరే ధరించి, 2017లో హవానా రేవు చూచి, 2020 చివర అమ్ముడై, 2021 సెప్టెంబరు నుండి ముంబయి కేంద్రముగా కార్డీలియా క్రూయిజెస్ వారి ‘ఎంప్రెస్’గా తిరుగుచున్నది. ‘ఫ్యూచర్ సీస్’ మొదలు ఐదుమార్లు పేరు మారినను తేలుచునే యున్నది.

ఇక మా వారిని మిక్కిలి తికమక పెట్టినది టన్నుల లెక్క. “నలభై ఎనిమిది వేల టన్నులంటే ఎన్ని లారీల బరువు సార్?” అని ఒక మిత్రుడు కాగితము, కలము తీసికొని కూర్చున్నాడు. ప్రయాణికుల ఓడకు చెప్పెడు ఆ 48,563 టన్నులు బరువు కానే కావు. గ్రాస్ టన్నేజి యనునది ఓడ కడుపులోని చోటునకు కొలత. పూర్వము ఇంగ్లండు రేవులలో ఓడ ఎన్ని ద్రాక్షసారాయి పీపాలు మోయగలదో చూచి సుంకము విధించెడువారు; ఆ పీపా పేరే కాలక్రమమున టన్నైనది. తరువాత నూరు ఘనపుటడుగుల చోటు ఒక టన్ను అనిరి. 1969 నాటి అంతర్జాతీయ ఒడంబడికతో ఆ లెక్కయు మారి, ఘనపరిమాణమునుండి సూత్రముచే కట్టు సంఖ్య యైనది. మన పెద్దలు ధాన్యమును పుట్టితో కొలిచినప్పుడు చూచినది చోటునే కదా. నది దాటించు గుండ్రని బుట్టపడవయు మనకు పుట్టియే యగుట నాకు ముచ్చటగా తోచును.

ఈ భేదము తెలిసినగాని టైటానిక్‌తో పోలిక పొసగదు. టైటానిక్ పొడవు 269 మీటర్లు, టన్నేజి 46,328. ఎంప్రెస్ పొడవు సుమారు 211 మీటర్లే యైనను టన్నేజి అంతకు మించినది. నాటి కొలతయు నేటి కొలతయు ఒక్కటి కావు గనుక ఈ పోలిక స్థూలమే. అయినను “టైటానిక్ ముందర గిది పడవనే” యన్న మా మిత్రుని తీర్పు నిలువదు. ప్రపంచములోనే పెద్దదను ప్రచారమును నిలువదు: 2024లో యాత్రలు మొదలిడిన ఐకాన్ ఆఫ్ ది సీస్ దీనికి ఐదింతలు.

మేడవలె లేచిన ఇన్ని అంతస్తులు గాలికి ఒరిగిపోవా యని మరొక భయము. ఇంజనులు, ఇంధనము, నీటి తొట్లు మొదలగు బరువంతయు అడుగున నుండుటచే అట్లు జరుగదు. కడుపు తిప్పునను భయము గలవారు క్రింది అంతస్తున, ఓడ నడిమి భాగమున గది పుచ్చుకొనిన చాలును.

తెలుగువానికి ఓడ ప్రయాణము క్రొత్త యనుట నాకు అన్నిటికంటె బాధ కలిగించు అపోహ. గోదావరీ ముఖమందలి కోరంగి రేవు పేరే బర్మాలోని తెలుగువారి కెల్ల ‘కోరంగీలు’ అను పేరై స్థిరపడినది. రంగూనులో బస్తాలు మోసిన చేతులు, రిక్షాలు లాగిన కాళ్లు సముద్రము దాటి పోయినవే. చెన్నపట్టణము నుండి పెనాంగు, సింగపూరులకు దాదాపు అర్ధశతాబ్దము తిరిగిన ‘రజూలా’ 1926లో గ్లాస్గోలో పుట్టిన ఓడ. అందు గది లేక, డెక్కు మీదనే చాప పరచుకొని పోవువారికి వేల సంఖ్యలో చోటుండెడిది. నాడు పొట్టకై ఎక్కిరి, నేడు సరదాకై ఎక్కుచున్నారు. భేదమంతయు టిక్కెట్టు కొన్న కారణములోనే యున్నది.

ముంబయి కేంద్రముగా తిరుగు ఈ ఓడ విశాఖలో నిత్యము నిలిచియుండునని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కువారు మోసపోవుదురు. 2022 జూన్ 8న అది తొలిసారి వచ్చినపుడు యాత్రికులకు ప్రత్యేకమైన టెర్మినలే లేదు; ఆ టెర్మినలు 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. టిక్కెట్టుపై నున్న రేవులన్నియు తప్పక చూడవచ్చుననుటయు నిశ్చయము కాదు: ఆ తొలి యాత్రలో పుదుచ్చేరి ప్రభుత్వము అనుమతి నీయనందున ఓడ అక్కడ యాత్రికులను దింపలేకపోయినది. పాస్‌పోర్టు లేనిదే ఎక్కనీయరను మాట మాత్రము ఈ దారికి వర్తింపదు. దేశము దాటని యాత్ర గనుక గుర్తింపు కార్డు చాలును.

చివరిది ప్రాణములకు సంబంధించినది. టైటానిక్‌లో సుమారు 2,200 మంది యుండగా పడవలలో చోటు 1,178 మందికే కలదు. ఆ దుఃఖమునుండి పుట్టిన 1914 నాటి ఒడంబడికకు వారసులైన నేటి నిబంధనలు, ఓడలోని ప్రతి ప్రాణికిని రక్షణపడవలోనో తెప్పలోనో చోటుండి తీరవలెనని శాసించుచున్నవి. పడవలున్నను, తన గుంపు ఎచ్చట చేరవలెనో తెలియనివానికి అవి దొరకవు. ప్రయాణారంభమున జరుపు అభ్యాసమును వట్టి తంతు అనుకొని గదిలో ఫలహారము చేయుచు కూర్చుండవద్దని, ఎక్కదలచిన మా వీధివారికి నా మనవి. ఏడు పొట్టి కూతలు, వెనువెంట ఒక పొడుగు కూత: అదియే పిలుపు.