పాత ట్రాక్టరు కొనే ముందు గంట లెక్క వేసుకోండి

ఖరీఫ్ దుక్కులు, దమ్ములు దగ్గర పడేసరికి ఊళ్లలో పాత ట్రాక్టర్ల బేరాలు జోరందుకుంటాయి. కొత్తది కొనాలంటే ఆరేడు లక్షల మాట. అదే పదిహేనేళ్ల నాటి బండి అయితే రెండు, రెండున్నర లక్షలకే ఇంటి ముందుకు వచ్చి నిలబడుతుంది. మూడు నాలుగెకరాల రైతు కూడా ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి, ‘ఎన్నాళ్లని ఒకరి బండి కోసం కాచుకుంటాం’ అని ముందుకొస్తున్నాడు. ఆ ఆలోచనలో తప్పు లేదు. అదునులో బండి దొరక్క పదను ఆరిపోయిన బాధ పడ్డవారికే తెలుస్తుంది. అయితే ట్రాక్టరు ధర వేరు, దాని ఖర్చు వేరు. ధర ఒక్కసారి ఇచ్చేది. ఖర్చు మాత్రం బండి నడిచినా, చావిట్లో నిలబడినా అవుతూనే ఉంటుంది. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, సుళ్లు చూస్తాం, అరక కట్టి నడక చూస్తాం, మన దగ్గర మేత ఉందా లేదా అని కూడా చూసుకుంటాం. ట్రాక్టరు దగ్గరకు వచ్చేసరికి చాలామంది రంగు, టైర్లు చూసి బయానా ఇచ్చేస్తున్నారు.

ముందు మీ సొంత పని ఎంతో చూడండి. నాలుగెకరాల మాగాణి రైతుకు రెండు పంటలకూ దుక్కి, దమ్ము, తోలకం అన్నీ కలిపినా ఏడాదికి 40, 50 గంటలకు మించి పని ఉండదు. మెట్ట అయితే ఇంకా తక్కువ. అంటే మీరు కొనేది మీ పొలం కోసం కాదు, కిరాయి కోసం. ఈ సంగతి మనసులో పెట్టుకుని లెక్కలోకి వెళ్దాం.

గంటకు ఎంత పడుతుంది?

35, 40 హార్స్‌పవర్ పాత ట్రాక్టరును రెండు లక్షలకు తీసుకున్నారనుకుందాం. ఆ సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 48,000 వడ్డీకే పోతుంది. అయిదేళ్లు వాడి లక్షా ఇరవై వేలకు అమ్మినా ఏడాదికి 16,000 తరుగు. బీమా, కాగితాలు కలిపి 10,000 వేసుకోండి. మొత్తం 74,000. ఈ ఖర్చు బండి గంట నడిచినా, వెయ్యి గంటలు నడిచినా ఒక్కటే.

ఇక నడిపే ఖర్చు. దుక్కి పనిలో ఇలాంటి బండి గంటకు సుమారు 4 లీటర్ల డీజిలు తాగుతుంది. లీటరు 96 రూపాయల చొప్పున 384. ఇంజనాయిలు, గేరాయిలు, ఫిల్టర్లు, గ్రీజు కలిపి గంటకు 30 పడుతుంది. మరమ్మతులకు గంటకు 100 పక్కన పెట్టాలి. చాలామంది వదిలేసే లెక్క ఇదే. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేట్లు, నాజిళ్లు, ఎప్పుడో ఒకసారి ఇంజను దింపి లైనర్లు, పిస్టన్లు మార్చడం, ఇవన్నీ అందులోనే సరిపెట్టుకోవాలి. డ్రైవరుకు 100. అన్నీ కలిపితే గంటకు 614.

ఏడాదికి 200 గంటలే నడిస్తే 74,000 స్థిర ఖర్చు గంటకు 370 పడి, మొత్తం 984 అవుతుంది. 400 గంటలు నడిస్తే 799. 600 గంటలకు 737. మీ ఊళ్లో కిరాయి గంటకు 1,000 ఉంటే 400 గంటలకు 80 వేలు మిగులుతాయని సంబరపడవచ్చు. కానీ బండి నడిచే ప్రతి గంటకూ కిరాయి రాదు. పొలానికి పోయి రావడం, గట్టు దగ్గర కాచుకోవడం, దిగబడిన చోట లాక్కోవడం, వీటికి అయిదింట ఒక వంతు పోతుంది. అప్పుడు 400 గంటల్లో కిరాయి వచ్చేది 320 గంటలకే. రాబడి 3,20,000. ఖర్చు 3,19,600. మిగిలింది 400 రూపాయలు! దారిలో డీజిలు తక్కువ తాగుతుంది కాబట్టి ఇంకో పది వేలు కలుపుకోండి. మీరే నడిపితే డ్రైవరు కూలి 40 వేలు ఇంట్లోనే ఉంటుంది. సొంత డబ్బయితే వడ్డీ బాధ లేదు. అంటే పాత ట్రాక్టరు గిట్టేది సొంత సొమ్ముతో కొని, సొంతంగా నడుపుకుంటూ, ఏడాదికి 400 గంటల పని చేతిలో ఉన్నవారికి. డ్రైవరును పెట్టి, బయటి అప్పు తెచ్చి, 200 గంటలు తిప్పే రైతుకు ఆ కష్టం ఎందుకు? ఆయన కిరాయి ఇచ్చుకోవడమే మేలు. పైగా కిరాయి డబ్బులు చాలావరకు పంట చేతికొచ్చాకే వస్తాయి. డీజిలు బంకులో మాత్రం అరువు ఉండదు.

పై అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. మీ కిరాయి, మీ వడ్డీ, మీ గంటలు వేసి ఒక కాగితం మీద రాసి చూసుకున్నాకే బేరానికి వెళ్లండి.

పెద్ద బండి చౌకగా వస్తోందా?

ఒక్కోసారి 50 హార్స్‌పవర్ పైబడిన పాత బండి కూడా చిన్నదాని ధరకే వస్తుంది. ‘ఇంత పెద్ద బండి ఇంత చౌకా’ అని ఆశ పడొద్దు. కొనేవారు తక్కువ కనుకే చౌక. పట్నాల్లో పాత విదేశీ కార్ల సంగతీ ఇంతే. కొత్తలో పాతిక, ముప్పై లక్షలు పలికిన కారు పదిహేనేళ్లకు రెండు మూడు లక్షలకు దిగుతుంది. కానీ దాని విడిభాగాల ధర ఆ మేరకు దిగదు. ఒక్క గేరుబాక్సు పని వస్తే కారు కొన్న సొమ్మంత అవుతుంది. పెద్ద ట్రాక్టరు కూడా టైరు నుంచి క్లచ్ ప్లేటు దాకా ప్రతిదీ పెద్ద లెక్కే. గంటకు లీటరున్నర డీజిలు అదనంగా తాగినా 400 గంటలకు 57,600 రూపాయలు. రోటవేటరు, పెద్ద నాగళ్లతో ఎకరం లెక్కన పని దొరికే చోట అది గిట్టవచ్చు. కల్టివేటరుకూ, ట్రక్కు తోలకానికీ అంత బండి అనవసరం.

విడిభాగాలు దొరికే బండేనా అని ముందే విచారించాలి. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని 2005లో టాఫే తీసుకుంది. స్వరాజ్ తయారుచేసిన పంజాబ్ ట్రాక్టర్స్ 2009లో మహీంద్రాలో కలిసింది. పేర్లు నిలిచాయి కాబట్టి సామాను దొరుకుతోంది. హెచ్ఎంటీ సంగతి వేరు. పింజోర్‌లోని ఆ ట్రాక్టర్ల విభాగం మూతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. గట్టి బండ్లే గానీ, ప్రతి చిన్న సామానుకూ వెతుక్కోవాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత సామాను దొరకవచ్చు. కానీ దమ్ము మధ్యలో బండి ఆగితే పొలం వదిలి అక్కడిదాకా పోవాలి కదా. మీ మండల కేంద్రంలో ఏ బండికి మేస్త్రీ, సామాను రెండూ ఉన్నాయో ఆ బండే మీకు మంచిది.

ధర విషయంలో ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. టైర్లు, చాలా విడిభాగాలపైనా 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగితే పాతదాని ధరా దిగాలి. అంతకు ముందు నాటి ధరలు చెప్పి బేరం పెంచేవారికి ఈ సంగతి గుర్తు చేయండి.

బండి దగ్గర ఏం చూడాలి?

తెల్లవారుజామునే వెళ్లండి. ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను సెల్ఫ్ కొట్టగానే అందుకోవాలి. తోస్తే గానీ, దిగువకు వదిలితే గానీ అందుకోని బండి బ్యాటరీ లోపమని చెబుతారు గానీ, చాలాసార్లు కంప్రెషన్ పోయి ఉంటుంది. పది నిమిషాలు నడిచాక ఆయిలు పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి గుప్పుగుప్పున పొగ తంతుంటే రింగులు, లైనర్లు అరిగాయి. సైలెన్సరులో నీలం పొగ వస్తుంటే ఇంజనాయిలు కాలుతోంది. బరువు లాగేటప్పుడు నల్లగా ఎక్కువ పొగ వస్తే గాలి అందక గానీ, నాజిళ్లు, పంపు సరిగా లేక గానీ డీజిలు వృథా అవుతోంది. వేడెక్కినా తెల్లపొగ ఆగకపోయినా, ఆయిలు పాలు కలిసినట్టు ఉన్నా నీళ్లు లోపలికి దిగుతున్నాయని అనుమానించాలి. అలాంటి బండి జోలికి పోవద్దు.

గంటల మీటరును నమ్మకండి. పాత బండ్లలో అది ఆగిపోయి ఉంటుంది, లేదా మార్చి ఉంటుంది. బండి ఏ పని చేసిందో ఇనుమే చెబుతుంది. వెనుక పీటీఓ షాఫ్టు పళ్లు అరిగి పదునుగా తేలితే రోటవేటరు, నూర్పిడి యంత్రం బాగా తిప్పారు. ట్రక్కు తగిలించే హుక్కు రంధ్రం కోడిగుడ్డులా సాగితే ఇటుకలో ఇసుకో విపరీతంగా తోలారు. అలాంటి బండికి గేర్లు, క్లచ్, బ్రేకులు అరిగి ఉంటాయి. డెల్టాలో దమ్ము చేసిన బండికి ముందు చక్రాల హబ్బుల్లోకీ, బ్రేకుల్లోకీ బురదనీళ్లు పోయి ఉంటాయి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పండి. గరగర శబ్దం వస్తే బేరింగులు పోయినట్టే. మెట్టలో దున్నిన బండికి దుమ్ము దెబ్బ ఇంజనుకు తగులుతుంది. కల్టివేటరు తగిలించి పైకెత్తి ఇంజను ఆపండి. వెంటనే కిందికి జారిపోతే హైడ్రాలిక్ పని ఉంది. స్టీరింగు ఎంత తిప్పితే చక్రం కదులుతుందో చూడండి. చివరగా పొలంలోకి దించి కనీసం అరగంట దున్నించండి. ఖాళీ రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుంది.

మీకు నమ్మకమైన మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. ఆయనకిచ్చే రోజు కూలి దండగ కాదు. అమ్మేవారు చూపించిన మేస్త్రీ మాట మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

కొన్నాక

పాత ఇంజనును త్వరగా తినేసేది దుమ్ము. ఆయిలుతో పనిచేసే ఎయిర్ క్లీనరు ఉన్న బండి అయితే, ఎండు దుక్కిలో ప్రతి 8, 10 గంటలకూ గిన్నె దించి మట్టి కడిగి, గీత వరకు ఆయిలు పోయాలి. గీత దాటితే ఆయిలును ఇంజను పీలుస్తుంది, తక్కువైతే దుమ్ము పీలుస్తుంది. ఖర్చు గుప్పెడు ఆయిలు. చేయకపోతే లైనర్లు రెండు సీజన్లు కూడా ఆగవు.

ఇంజనాయిలు కంపెనీ పుస్తకంలో 250 గంటలని ఉన్నా పాత బండికి 200 గంటలకే మార్చడం మంచిది. ఫిల్టరు కూడా దానితోపాటే మార్చాలి. దమ్ము రోజుల్లో గ్రీజు రోజూ పెట్టాలి. లోపలి బురదనీరు బయటికి వచ్చి, శుభ్రమైన గ్రీజు కనిపించే దాకా కొట్టాలి. నూర్పిళ్ల కాలంలో రేడియేటరు జాలీకి పొట్టు, దుమ్ము పట్టి ఇంజను వేడెక్కుతుంది. సాయంత్రానికి దులపాలి. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది, కాస్త చల్లారనివ్వండి. రాత్రి పూట డీజిలు ట్యాంకు నింపి ఉంచితే లోపల చెమ్మ పట్టదు. గట్టు మీద మాట్లాడుతూ బండిని ఉత్తినే నడవనిస్తే గంటకు సుమారు లీటరు డీజిలు పోతుంది. వంద రూపాయల కబుర్లన్నమాట!

ఒక నోటుపుస్తకం బండిలోనే పెట్టుకోండి. నడిచిన గంటలు, పోసిన డీజిలు, వచ్చిన కిరాయి, రావలసిన కిరాయి, మేస్త్రీకి ఇచ్చింది ఏ రోజుకారోజు రాయండి. డీజిలు గంటకు అర లీటరు పెరిగినా పుస్తకంలో వెంటనే తెలిసిపోతుంది, అప్పుడే నాజిళ్లు చూపించుకోవచ్చు. ఒకే ఏడాదిలో మరమ్మతులు బండి విలువలో సగం దాటితే, ఇంకా పెట్టుబడి పెట్టకుండా అమ్మేయడమే తెలివి. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములో, ఇరుగుపొరుగు రైతులో కలిసి కొంటే ఈ పుస్తకం లేకుండా మొదలే పెట్టకండి. ముందు ఎవరి దమ్ము అన్న దగ్గరే తగువులొస్తాయి. ఆ వరుస కూడా ముందే రాసుకోవాలి.

కాగితాల సంగతి

సి బుక్కులో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద గుడ్డతో తుడిచి సరిచూడండి. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. అది దాటిన బండి అయితే పునరుద్ధరణ చేయించారా అని అడగండి. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాన్నీ చూడాలి. ఫైనాన్సు అప్పు ఉంటే అది తీరినట్టు సంస్థ ఇచ్చే పత్రం, ఫారం 35 లేకుండా బండి మీ పేరుకు మారదు. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు కావాలి. కొన్న 30 రోజుల్లోగా రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. థర్డ్ పార్టీ బీమా చట్టం ప్రకారం తప్పనిసరి. వ్యవసాయానికి రిజిస్టరైన బండితో ఇసుక, ఇటుక తోలినా, ట్రక్కులో కూలీలను ఎక్కించినా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. అప్పుడు నష్టపరిహారం మీ పొలం మీదికి వస్తుంది. వ్యవసాయ పనులకు కూలీలను తీసుకెళ్లేటప్పుడు ఆటో కిరాయి భారమే కావచ్చు, అయినా ట్రక్కు ఎక్కించకండి.

అమ్మినవారు ‘కాగితాలు రేపు, ఎల్లుండి’ అంటుంటే మొత్తం సొమ్ము ఇవ్వవద్దు. సి బుక్కు మీ పేరుకు మారి చేతికి వచ్చేదాకా పదో, ఇరవయ్యో వేలు మీ దగ్గరే ఆపుకుంటామని బయానా రోజునే కాగితం మీద రాయించుకోండి.